ఎర్ర అంకెలు

జనవరి 12, ఆదివారం

ఈరోజు నుంచి ఆరు రోజులు నాకు నమాజు లేదు. మా ఇంట్లో ఆ మాట అలాగే అంటారు. పీరియడ్స్ అనరు. నమాజు లేదు అంటే అందరికీ అర్థమైపోతుంది.

నిజానికి నాకేమీ రాలేదు. అక్టోబరులో ఒకసారి వచ్చింది, అంతే. పొద్దున అమ్మీ తన నమాజు చాప పరచుకుని నాది కూడా తీసి ఇవ్వబోతుంటే తల అడ్డంగా ఊపాను. అమ్మీ ముఖం ఎప్పటిలాగే ఒక్క క్షణం వాడిపోయి మళ్లీ మామూలైంది. నా చాపను తాడు మీద వేసింది. లోపలికి వెళ్లి బాల్‌పెన్ తెచ్చి క్యాలెండర్‌లో ఈరోజు అంకె చుట్టూ సున్నా చుట్టింది.

అమ్మీ అంటే మా ఆయన ఉబేద్ వాళ్లమ్మ వజీరాబీ. పెళ్లైనప్పటి నుంచి నేనూ అమ్మీ అనే పిలుస్తాను.

మధ్యాహ్నం ఆమె నిద్రపోయాక, ఉబేద్ రిపేరుకొచ్చిన పాత ఏసీలు పడేసే గదిలోకి వెళ్లి అట్టముక్క పరచుకుని నమాజు చదువుకున్నాను. దొంగతనంగా నమాజు చదివే ఆడది సిద్దిపేట మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

జనవరి 13, సోమవారం

ఈ నోట్‌బుక్ దాచాల్సిన పని లేదు. ట్యూషన్ పిల్లల పుస్తకాల మధ్య పెడతాను. అమ్మీకి తెలుగు చదవడం రాదు. ఉబేద్ ఉర్దూ మీడియం, షాపు బోర్డులు కూడబలుక్కుంటాడు. తెలుగు మీడియం కోడలు వచ్చిందని మా ఆడబిడ్డ శబ్నమ్ పెళ్లిలో నవ్వింది. చిన్నకోడూరు హైస్కూలు ఇన్నాళ్లకు ఇలా పనికొచ్చింది.

ఇదంతా ఎలా మొదలైందో రాసి పెట్టుకోవాలి. ఎవరికైనా చెబితే బాగుండేది. ఎవరూ లేరు.

పెళ్లై నాలుగేళ్లు. రెండో ఏడాది మొదట్లో వరుసగా మూడు నెలలు నా నమాజు ఆగలేదు. నాకంటే ముందు అమ్మీయే లెక్కపెట్టుకుంది. టెస్ట్ చేయించకుండానే మిఠాయి డబ్బా తెప్పించి గల్లీ అంతా పంచింది. పక్కింటి కొమురవ్వకు రెండు లడ్డూలు ఎక్కువ. నా చేతికి తావీజు కట్టింది, బకెట్ ఎత్తనివ్వలేదు. తర్వాత టెస్ట్‌లో ఒకటే గీత. మళ్లీ చేస్తే మళ్లీ ఒకటే గీత. కొమురవ్వ పాపం గోడ మీద నుంచి ఎన్నో నెల అని రోజూ అడిగేది. చివరికి నా కడుపు పోయిందని అమ్మీ ఆమెకు చెప్పేసింది. రానిది పోవడం ఏమిటో! మూడు రోజులు అమ్మీ అన్నం తినలేదు.

ఆ తర్వాత నేను నలభై రోజులు వరుసగా నమాజు చదివితే చాలు, అమ్మీ కళ్లలో మళ్లీ అదే వెలుగు. చూస్తే నాకు మళ్లీ ఆ మిఠాయి డబ్బా గుర్తొచ్చేది. ఒక రోజు ఆమె చాప అందిస్తుంటే తల అడ్డంగా ఊపాను. అంతే, పని తేలిగ్గా అయిపోయింది. మా పదో తరగతి జీవశాస్త్రంలో ఇరవై ఎనిమిది రోజులని ఉంటుంది కాబట్టి నేనూ ఇరవై ఎనిమిదే పెట్టుకున్నాను. రెండున్నరేళ్లుగా ఒక్క రోజు తప్పలేదు.

మూడు నాలుగు నెలలకోసారి నిజంగా వస్తుంది. అది నా లెక్కకు కలవదు. అప్పుడు అమ్మీ పక్కన చాప మీద నిలబడి ఊరికే పెదవులు కదుపుతాను. ఆమెతోపాటు వంగుతాను, లేస్తాను, లోపల ఒక్క మాటా చదవను.

మా ఇద్దరి మధ్య అబద్ధం లేని పని ఒకటే ఉంది. పెళ్లైన కొత్తలో నాకు కడుపులో మంట మొదలైతే అమ్మీ తన గ్యాస్ గోళీ ఒకటి ఇచ్చింది. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే పరిగడుపున తనకొకటి, నాకొకటి. నేను మింగేదాకా నిలబడి చూసి గ్లాసు తీసుకుంటుంది.

జనవరి 30, గురువారం

భవాని మేడం దగ్గరకు వెళ్లాం. కొత్త ఆస్పత్రి, పిల్లలు లేనివాళ్లకు బాగా చూస్తుందని అమ్మీకి ఎవరో చెప్పారు. అమ్మీ రెండు సంవత్సరాల క్యాలెండర్లు చుట్టి చంకలో పెట్టుకుని వచ్చింది.

డేట్స్ సరిగ్గా వస్తున్నాయా అని మేడం నన్ను అడిగింది. జవాబు అమ్మీ చెప్పింది.

"నెల నెల తప్పకుంట అయితది మేడం. నేనే లెక్క వెడుత. గీ క్యాలెండర్ సూడున్రి."

మేడం రెండు పేజీలు తిప్పి, ఇరవై ఎనిమిది రోజులు, పుస్తకంలో ఉన్నట్టే ఉందని నవ్వింది. పుస్తకంలోంచే తీశాను మేడం.

ఇంత క్రమంగా వస్తుంటే అండం విడుదలవుతున్నట్టే అని, కాబట్టి ముందు ఆయనకు పరీక్ష, తర్వాత నాకు ట్యూబులు చూద్దామని రాసింది. బయటకు వస్తూ ఒకసారి వెనక్కి తిరిగాను. చెప్పేద్దామనే తిరిగాను. అమ్మీ నా చెయ్యి పట్టుకుని ఉంది.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఉబేద్ రిపోర్టు వచ్చింది. వీర్యకణాల కౌంట్ కొంచెం తక్కువ. చాలా కొంచెం, దీనివల్ల ఆగదు అని మేడం రెండుసార్లు చెప్పింది. ఉబేద్‌కు మొదటి మాటే వినపడింది.

ఇంటికొచ్చి ఏసీల గదిలో కూర్చున్నాడు. చాయ్ ఇస్తే తీసుకున్నాడు కానీ తాగలేదు. ఇన్నాళ్లూ నిన్ను తీసుకుని దర్గాలకు తిరిగాను, దోషం నాలో పెట్టుకుని, అన్నాడు. ఆయన కూర్చున్న చోటే నేను అట్టముక్క పరిచేది. చల్లారిన గ్లాసు తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను. ఇంత పిరికిదాన్నని నాకు ఇవాళే తెలిసింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

నమాజు లేదు.

ఫిబ్రవరి 17, సోమవారం

ట్యూబుల్లోకి రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. నడుము విరిగినంత నొప్పి. అమ్మీ అని అరిచాను. చిన్నకోడూరులో ఉన్న మా అమ్మీనో, తలుపు బయట తస్బీ పూసలు తిప్పుతున్న ఈ అమ్మీనో నాకే తెలియదు. ఆమె మాత్రం తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది. నర్సు కసురుకుంటున్నా వినకుండా నా నుదురు నిమిరింది.

ట్యూబులు బాగున్నాయట. నాలో ఏ లోపమూ లేదట. అమ్మీ ఈ మాట ఫోన్లో శబ్నమ్‌కు చెబుతుంటే ఉబేద్ లేచి బయటికి వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి 24, సోమవారం

అమ్మీ క్యాలెండర్ ప్రకారం పదకొండో రోజు, పదమూడో రోజు, ఇవాళ పదహారో రోజు. మూడుసార్లు స్కాన్ చేశారు. గుడ్డు పెరగలేదు. ఒక్కో నెల ఎవరికైనా ఇలా అవుతుంది, కంగారు వద్దు అంది మేడం. వచ్చే నెల డేట్ వచ్చిన రెండో రోజు నుంచి అయిదు రోజులు వేసుకోమని గోళీలు రాసింది.

ఏ డేట్ మేడం?

ఫిబ్రవరి 27, గురువారం

ఇది రాయాలా వద్దా అని పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నాను.

కమీజుకు లోపల తడి మరకలు. చాలా రోజుల నుంచే ఉన్నాయి, చెమట అనుకుని సరిపెట్టుకున్నాను. ఇవాళ స్నానం చేస్తూ నొక్కి చూశాను. పాలు. తెల్లటి పాలు, రెండు చుక్కలు.

పిల్ల లేదు, కడుపు లేదు, పాలు మాత్రం వచ్చాయి. బాత్రూంలో నీళ్లు వదిలేసి ఏడ్చాను. అబద్ధాలాడే ఒంటికి అల్లా వేసిన శిక్ష ఇదే అనిపించింది. ఆ కమీజు నేనే ఉతికి, ఉబేద్ చొక్కాల కింద ఆరేశాను.

మార్చి 11, మంగళవారం

రంజాన్‌లో పదో రోజా. మొన్న ఆదివారం నుంచి నాకు నమాజు లేదు కాబట్టి రోజా, అంటే ఉపవాసం కూడా లేదు. లెక్క తప్పకూడదు కదా.

నేను మాత్రం ఎవరికీ తెలియకుండా రోజా ఉంటున్నాను. తెల్లవారకముందు సహరీకి అందరికీ వండి, వంటింట్లో నిలబడే రెండు ముద్దలు తిన్నాను. మొదటి రెండు రోజులు గడిచాయి. ఇవాళ పదింటికి అమ్మీ ఖిచిడీ, పుల్లటి ఖట్టా ప్లేటులో పెట్టి వంటింటి పరదా వెనక్కి తెచ్చింది. తాను నోట్లో ఉమ్మి కూడా మింగకుండా రోజా ఉండి నాకోసం వండింది. స్కానింగులతో నెత్తురు లేకుండా అయిపోయావు తిను అంది. తర్వాత తింటానన్నాను. ఎదురుగా కూర్చుంది. ఉబేద్ చూడకుండా పరదా పట్టుకుని మరీ కూర్చుంది.

తిన్నాను. పొద్దున మరిచిపోయానని గ్యాస్ గోళీ కూడా ఇచ్చింది.

మార్చి 14, శుక్రవారం

నిన్నా మొన్నా కూడా తప్పించుకోలేకపోయాను. మొత్తం మూడు రోజాలు పోయాయి. మేడం రాసిన అయిదు గోళీలు ఇఫ్తార్ తర్వాత మింగుతున్నాను. అవి దేనికోసమో వాటికి కూడా తెలియదు.

ఏప్రిల్ 13, ఆదివారం

జగదేవ్‌పూర్‌లో శబ్నమ్ కొడుకుకు అఖీఖా, పుట్టువెంట్రుకల వేడుక. ఉబేద్ రానన్నాడు. ఏసీల సీజన్, పని ఉందన్నాడు. షాపు తెరవలేదని తర్వాత తెలిసింది. మగతనానికని హకీం ఇచ్చిన మాజూన్ లేహ్యం డబ్బా స్నేహితులెవరో చూసి ఎగతాళి చేశారట. చాయ్ హోటల్‌కు కూడా వెళ్లడం లేదు.

ఒక మాట చెబితే ఆయన తల ఎత్తుకుని తిరుగుతాడు. ఆ మాట చెబితే, రెండున్నరేళ్లు నమాజుతో ఆటలాడిన కోడలితో అమ్మీ ఒక ఇంట్లో ఎలా ఉంటుంది? రోజూ ఈ రెండింటి మధ్య అన్నం వండుతున్నాను.

ఏప్రిల్ 24, గురువారం

మేడం ఆపరేషన్ అంది. చిన్నదే, బొడ్డు దగ్గర కోసి కెమెరా పెట్టి లోపల చూస్తారట. గోళీలకు కూడా గుడ్డు పెరగలేదు, డేట్స్ మాత్రం బాగున్నాయి, ఏదో కనపడకుండా ఉంది అంది. మే 12, సోమవారం.

దారిలో ఉబేద్ బండి ఆపాడు. నా వల్ల నీ ఒంటికి కోత, మాఫ్ చెయ్ అన్నాడు. రోడ్డు మీద, అందరూ చూస్తుండగా.

మే 4, ఆదివారం

నమాజు లేదు. ఇంకా ఎనిమిది రోజులు.

మే 8, గురువారం

ఆపరేషన్‌కు ముందు పరీక్షలకు వెళ్లాం. మేడం ఈసారి క్యాలెండర్లు మొత్తం అడిగింది. అమ్మీ మూడు సంవత్సరాలవి ఇచ్చి, కింద రక్త పరీక్షకు చీటీ రాయించడానికి వెళ్లింది.

మేడం తిప్పుతూ తిప్పుతూ ఆగింది. మళ్లీ మొదటికి వెళ్లింది. అమ్మీ చుట్టిన సున్నాలన్నీ వేలితో ఒక్కొక్కటే తాకుతూ వచ్చింది. తర్వాత క్యాలెండర్ నా వైపు తిప్పింది.

"అన్నీ ఎర్రంకెలే నిఖత్. మూడేండ్లల్ల ఒక్కసారన్నా సోమవారం రాలేదా?"

చూశాను. అన్నీ పై వరుసే. ఆదివారం, ఆదివారం, ఆదివారం. నాలుగు వారాలు కలిపితే మళ్లీ అదే వారం వస్తుందని పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పేదాన్ని నేనే, నాకే తట్టలేదు. ఏ ఒంటికీ ఇంత పంక్చువాలిటీ ఉండదట.

చెప్పేశాను. మిఠాయి డబ్బా నుంచి ఖిచిడీ దాకా. మేడం తిట్టలేదు. పాలలాంటివి ఏమైనా వస్తున్నాయా అని అడిగింది. వస్తున్నాయి, అల్లా వేసిన శిక్ష అన్నాను. అది శిక్ష కాదట, ఒక హార్మోన్ అట. ప్రొలాక్టిన్. డేట్స్ సరిగ్గా వచ్చేవాళ్లకు ఆ పరీక్ష అవసరం పడదు కాబట్టి ఇన్నాళ్లూ రాయలేదట. ఇప్పుడు రాసింది. రోజూ మందులేమైనా వాడుతున్నావా అంటే ఏమీ లేవన్నాను.

ఇంట్లో తాను చెప్పనని మాట ఇచ్చింది. సోమవారం భర్తతో సహా రమ్మంది, కోయాలో వద్దో అప్పుడు చెబుతానంది.

మే 12, సోమవారం

వరుసగా రాయాలి.

మేడం గదిలో ముగ్గురం. ప్రొలాక్టిన్ నూట పద్దెనిమిది. పాతికకు లోపు ఉండాలి. మేడం ఇంకా మొదలుపెట్టలేదు, అమ్మీ నా ముఖం చూసి, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు మళ్లీ మంట వస్తుంది అంటూ పర్సులోంచి గ్యాస్ గోళీ తీసి నా చేతిలో పెట్టింది. మేడం చెయ్యి చాచి ఆ పట్టీ తీసుకుని వెనక్కి తిప్పి చదివింది. ఇది రోజూ వేసుకుంటుందా అని అడిగింది. మూడేళ్లు దాటిందని అమ్మీ గర్వంగానే చెప్పింది.

మేడం నెమ్మదిగా చెప్పింది. ఇందులో గ్యాస్ మందుతోపాటు డోంపెరిడోన్ అని ఇంకొకటి ఉంది. కొందరిలో అది ఈ హార్మోన్‌ను పెంచుతుంది. ఒంట్లో పాపాయి పాలు తాగుతున్నట్టు మెదడు అనుకుంటుంది. అండం విడుదల చేయించదు. డేట్ ఆగిపోతుంది. ఆపరేషన్ అక్కర్లేదు, ముందు ఈ గోళీ ఆపి నెల తర్వాత మళ్లీ పరీక్ష చేద్దాం, తగ్గకపోతే తలకు స్కాన్ చేద్దాం, తగ్గించడానికి వేరే మందులు కూడా ఉన్నాయి. మంటకు వేరే గోళీ రాస్తానంది.

నా గుండె తేలికవుతోంది. అప్పుడు అమ్మీ అడిగింది.

"డేట్ ఆగుతదంటున్నరు గద మేడం. గీమెకు నెల నెల అయితనే ఉండె. మరి గోళీ ఏం ఆపినట్టు?"

అమ్మీకి చదువు రాదు, లెక్క మాత్రం వచ్చు. మేడం నా వైపు చూడకుండా, కొందరికి హార్మోన్ పెరిగినా డేట్ వస్తుంటది పెద్దమ్మా అంది. నాకోసం తలుపు తెరిచి పట్టుకుంది. దూరితే సరిపోయేది. అమ్మీ తల ఊపబోతోంది కూడా. ఉబేద్ కింద టైల్స్ చూస్తున్నాడు. మూడు నెలలుగా చూస్తున్నట్టే.

"కాలేదు అమ్మీ," అన్నాను. "నాకు నెల నెలా కాలేదు. నేను అబద్ధం చెప్పిన."

మే 13, మంగళవారం

నిన్న దారంతా అమ్మీ ఆటోలో నాకు దూరంగా జరిగి కూర్చుంది. ఉబేద్ ఒక్కటే అడిగాడు, అయితే నా వల్ల కాదా అని. కాదన్నాను. మాజూన్ డబ్బా తీసి చెత్తలో వేశాడు. తర్వాత బండి తీసుకుని వెళ్లి మధ్యాహ్నం దాకా రాలేదు. నా మీద కోపం ఉంది, ఉండాలి కూడా. కానీ చాయ్ హోటల్లో కూర్చుని వచ్చాడు, చొక్కాకు ఆ వాసన తెలిసింది.

మే 17, శనివారం

అమ్మీ ఇంట్లో ఉర్దూయే మాట్లాడుతుంది. కోపమొచ్చినా ఏడుపొచ్చినా తెలుగు వస్తుంది, కొండపాకలో పుట్టింది కదా. ఇవాళ కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండా తెలుగులో అడిగింది, రంజాన్‌లో ఆ ఆరు రోజులు ఏం చేశావని. మూడు ఉన్నాను, మూడు పోయాయి అన్నాను. ఎలా పోయాయో చెప్పలేదు.

చెప్పక్కర్లేకపోయింది. కత్తి కింద పెట్టేసింది.

"నేనే తినవెడితి. పరద వట్టుకొని కూసొని తినవెడితి. గోళీ నా చేత్తోనే ఇస్తి."

నేను ఎన్నడూ ఆమెను అలా ఏడవగా చూడలేదు. దోషం ఉబేద్ మీద నుంచి లేచి ఆమె మీద కూర్చుంది. నేను దగ్గరకు వెళితే నా చెయ్యి విదిలించింది, మళ్లీ తానే పట్టుకుంది. నామీద అంత భయమెందుకు అయింది నీకు అని అడిగింది. మిఠాయి డబ్బా గురించి చెప్పాను. ఆమెకు ఆ రోజు గుర్తున్నంత నాకు కూడా లేదు.

మే 29, గురువారం

పాల మరకలు తగ్గాయి. తెల్లవారకముందే సహరీకి లేచి, అలవాటుగా గ్లాసు పట్టుకుని ఇద్దరం వంటింట్లో నిలబడ్డాం. మింగడానికి ఏమీ లేక నీళ్లే తాగాం. అమ్మీ కూడా తన గోళీ మానేసింది, నీకేం అవుతుంది ఈ వయసులో అంటే వినదు.

పోయిన మూడు రోజాలు బదులు తీర్చాలి. నువ్వు ఒక్కదానివే ఉండొద్దు, నేనూ ఉంటానంది. ఇవాళ మొదటిది అయింది.

జూన్ 1, ఆదివారం

ఇరవై ఎనిమిదో రోజు. అమ్మీ చాప తీసి చేతిలో పట్టుకుని నిలబడింది. నేను తీసుకుని పరిచాను. ఆమె క్యాలెండర్ వైపు చూడలేదు.

జూన్ 12, గురువారం

రెండో రోజా. ప్రొలాక్టిన్ పద్దెనిమిదికి దిగింది. డేట్ ఇంకా రాలేదు. మేడం ఆగమంది. ఉబేద్ నాతో మాట్లాడుతున్నాడు, ఏదైనా చెబితే మాత్రం నిజమేనా అని ఒకసారి చూస్తాడు.

జూన్ 18, బుధవారం, తెల్లవారుజామున 4 గంటలు

మూడో రోజాకు అమ్మీ సహరీ వండి నన్ను లేపింది. నమాజు లేదు అమ్మీ అన్నాను. స్విచ్ వేసి నా ముఖం చూసింది. తర్వాత క్యాలెండర్ చూసింది. ఇవాళ్టి అంకె నల్లగా ఉంది. బాల్‌పెన్ తెచ్చి నా చేతికిచ్చింది.